అనువాద యంత్రానికి తెలుగు వచ్చా?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో అటూ ఇటూ నీళ్లలో రాజహంసలూ గూడబాతులూ కనిపిస్తాయి. ఆ రోడ్డు చివరే మన దేశపు రాకెట్ ప్రయోగ కేంద్రం. ప్రయోగం ఉన్న రోజున పేటలో పిల్లలూ పెద్దలూ మేడలెక్కి తూర్పు దిక్కు చూస్తారు.

ఆ పేటలో పదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. బడి గోడపత్రికకు ఆమె ఒక వ్యాసం రాయాలి. విషయం ఎస్.ఎల్.వి.-3 రాకెట్. 1980 జూలై 18న అది శ్రీహరికోట నుంచి లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మన గడ్డ మీది నుంచి మన రాకెట్ ఒక ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చడం అదే మొదటిసారి. ఇంటర్నెట్‌లో దీని గురించి బోలెడు సమాచారం ఉంది. కాని ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉంది. అమ్మాయి చదువుతున్నది తెలుగు మాధ్యమం. సరే, అనువాద యంత్రం ఉంది కదా అని ఒక మీట నొక్కింది. పేజీ అంతా తెలుగైపోయింది!

చదవడం మొదలుపెట్టింది. "ఈ రాకెట్‌కు నాలుగు వేదికలు ఉన్నాయి" అని ఉంది. రాకెట్‌కు వేదికలేమిటి, నాటకం ఆడుతుందా? ఇంకొంచెం కిందికి పోతే "ప్రయోగపు కిటికీ ఉదయం తెరుచుకుంది" అని ఉంది. అమ్మాయి పకపకా నవ్వింది. ఇంగ్లీషులో స్టేజ్ అంటే నాటకం ఆడే వేదిక కావచ్చు, రాకెట్‌లో ఒక దశ కావచ్చు. విండో అంటే కిటికీ కావచ్చు, ఒక పనికి అనువైన సమయం కావచ్చు. యంత్రం తప్పు అర్థాన్ని పట్టుకుంది. ఈ తప్పులను ఆమె సులభంగానే దిద్దుకుంది.

మూడో వాక్యం దగ్గర మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. "మొదటి ప్రయత్నం 1979 అక్టోబరు 8న విఫలమైంది." చక్కని తెలుగు. ఎక్కడా తడబాటు లేదు. అమ్మాయి అలాగే నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంది. కాని తేదీ తప్పు! ఆ ప్రయత్నం జరిగింది 1979 ఆగస్టు 10న. అసలు పేజీలో 10/08/1979 అని ఉంది. మనం ముందు రోజు, తరువాత నెల రాస్తాం. అమెరికాలో ముందు నెల, తరువాత రోజు రాస్తారు. యంత్రం అమెరికా పద్ధతిలో చదివింది.

ఇది మనం ఊహించుకున్న కథే. అయినా ఇలాంటి తప్పులు యంత్రాలు నిజంగానే చేస్తాయి. ఈ కథలో అసలు సంగతి ఒకటుంది. వంకర తెలుగులో వచ్చిన తప్పు మనకు వెంటనే కనబడుతుంది. నున్నని తెలుగులో వచ్చిన తప్పు కనబడదు. నేటి అనువాద యంత్రాల తెలుగు రోజురోజుకూ నున్నబడుతోంది. అందుచేత అవి ఎలా పనిచేస్తాయో, వాటిని ఎలా సరిచూసుకోవాలో తెలుసుకోవడం అవసరం.

సూత్రాల నుంచి అలవాట్లకు

యంత్రం చేత అనువాదం చేయించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1954 జనవరి 7న న్యూయార్క్‌లో ఒక కంప్యూటర్ అరవైకి పైగా రష్యన్ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చింది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, ఐ.బి.ఎం. సంస్థ కలిసి ఆ ప్రదర్శన ఏర్పాటు చేశాయి. ఆ యంత్రానికి తెలిసిన మాటలు 250. వ్యాకరణ సూత్రాలు ఆరు! ఇంకో మూడేళ్లలోనో అయిదేళ్లలోనో ఈ సమస్య తీరిపోతుందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. 1966లో అమెరికాలో ఒక నిపుణుల సంఘం, యంత్రానువాదం మనుషుల అనువాదం కంటే నెమ్మది, ఖరీదు, పైగా తప్పులతడక అని తేల్చింది. దాంతో ఆ దేశంలో పరిశోధనకు డబ్బు తగ్గిపోయింది.

సూత్రాలతో ఎందుకు కుదరలేదు? ఒక్క "ఇల్లు" అనే మాట తీసుకోండి. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంట్లోంచి, ఇళ్లు, ఇళ్లలో... ఇలా ఎన్ని రూపాలో! అన్నింటికీ సూత్రాలు రాయాలి. ప్రతి సూత్రానికీ మినహాయింపులు రాయాలి. మినహాయింపులకు మళ్లీ మినహాయింపులు!

తరువాత శాస్త్రజ్ఞులు మరో దారి పట్టారు. మనుషులు ఇదివరకే చేసిన అనువాదాలను కంప్యూటర్‌కు కుప్పలుగా ఇచ్చారు. ఈ వాక్యానికి ఇది అనువాదం అని లక్షల, కోట్ల జంటలు చూపించారు. ఐక్యరాజ్యసమితి పత్రాలు, ఐరోపా పార్లమెంటు చర్చలు ఇందుకు పనికివచ్చాయి, ఎందుకంటే అవి అనేక భాషల్లో దొరికేవి. గూగుల్ అనువాద సేవ 2006లో ఈ పద్ధతితోనే మొదలైంది. 2011 జూన్‌లో ప్రయోగాత్మకంగా తెలుగు అందులో చేరింది. 2017లో తెలుగుకు కూడా నాడీజాలం అనే కొత్త పద్ధతి వచ్చింది.

ఈ నాడీజాలం ఏం చేస్తుంది? ముందుగా వాక్యాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకూ ఒక అంకెల వరుస ఇస్తుంది. ఒకే రకమైన మాటల పక్కన తరచుగా కనిపించే ముక్కలకు దగ్గర దగ్గర అంకెలు వస్తాయి. తరువాత, ఇంగ్లీషు వాక్యం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటూ, తెలుగులో ఏ ముక్క తరువాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉందో చూసుకుంటూ వాక్యం అల్లుతుంది.

అంటే ఈ యంత్రం రాకెట్‌ను చూడలేదు. పులికాట్ నీటిని ముట్టుకోలేదు. ఏ మాట ఏ మాటల పక్కన కూర్చుంటుందో మాత్రం దానికి బాగా తెలుసు. స్టేజ్ పక్కన ఇంధనం, ఇంజన్, కక్ష్య అనే మాటలుంటే "దశ" అంటుంది. పక్కన ఏమీ లేకుండా ఒంటరిగా ఇస్తే "వేదిక" అనవచ్చు. అందుకే శీర్షికల్లో, పట్టికల్లో, బొమ్మల కింది మాటల్లో యంత్రం ఎక్కువగా పొరబడుతుంది. నిండు వాక్యం ఇచ్చిన కొద్దీ అనువాదం మెరుగుపడుతుంది.

ఇంకో సంగతి. ఎన్ని వాక్యాల జంటలు చూస్తే అంత బాగా నేర్చుకుంటుంది. ఫ్రెంచికీ స్పానిష్‌కూ దొరికినన్ని జంటలు తెలుగుకు దొరకవు. ఈ లోటు తీర్చడానికి ఐ.ఐ.టి. మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 2021లో "సమానాంతర్" అనే భాండాగారాన్ని విడుదల చేసింది. ఇంగ్లీషుకూ 11 భారతీయ భాషలకూ మధ్య సుమారు 5 కోట్ల వాక్యాల జంటలు అందులో ఉన్నాయి. వాటిలో తెలుగు వాటా కూడా ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం "భాషిణి" అనే అనువాద సేవను ప్రారంభించింది.

ఎక్కడెక్కడ తడబడుతుంది?

మన భాషలో "మందు" అనే మాటను చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. వరికి పురుగు పడితే చల్లేది మందు. తుపాకిలో కూరేది మందు. మనకు సందర్భం తెలుసు కాబట్టి చిక్కు లేదు. "మందు ఎక్కువైంది" అనే చిన్న వాక్యం ఒక్కటే ఇస్తే యంత్రం ఏ మందని అనుకోవాలి? వైద్యుని దగ్గరా పొలం దగ్గరా ఇలాంటి తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది. మందుల చీటీకి యంత్రానువాదాన్ని నమ్మి మోతాదు నిర్ణయించుకోకూడదు. మందులిచ్చే మనిషిని అడగాలి.

ఇక "మనం", "మేము". "మనం శ్రీహరికోట వెళ్తున్నాం" అంటే వినేవాడు కూడా బస్సెక్కవచ్చు. "మేము వెళ్తున్నాం" అంటే వాడు ఇంటి దగ్గరే! ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, వుయ్. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోగానే ఈ తేడా కరిగిపోతుంది. తిరిగి తెలుగుకు వచ్చేటప్పుడు యంత్రం ఏదో ఒకటి ఊహించాలి.

మరి తమిళంలో? పేట నుంచి తడ దాటితే తమిళనాడే కదా. తమిళంలో కూడా ఈ తేడా ఉంది. "నామ్" అంటే మనం, "నాంగళ్" అంటే మేము. తెలుగు నుంచి తమిళానికి నేరుగా మారిస్తే తేడా నిలబడాలి. కాని చాలా అనువాద యంత్రాలు రెండు భారతీయ భాషల మధ్య ఇంగ్లీషును వంతెనగా వాడుకుంటూ వచ్చాయి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కడి నుంచి తమిళానికి. పొరుగింటికి పోవడానికి ఊరంతా చుట్టి రావడం లాంటిది ఇది. ఆ చుట్టు దారిలో "మనం", "మేము" తేడా జారిపోతుంది.

"వచ్చింది" అనే ఒక్క మాటను తీసుకోండి. అక్క వచ్చిందా? బస్సు వచ్చిందా? తెలుగులో క్రియ ఒకటే. ఇంగ్లీషులో మాత్రం షి అనాలి, లేదా ఇట్ అనాలి. "వచ్చారు" అంటే ఒక్క మాస్టారు గౌరవంగా వచ్చినా అదే మాట, పదిమంది వచ్చినా అదే మాట. యంత్రం మాస్టారిని పదిమందిని చేయవచ్చు! అలాగే నువ్వు, మీరు రెండూ ఇంగ్లీషులో యు. ఇంగ్లీషు కథను తెలుగు చేస్తే ఒక పేరాలో తాతయ్యను "మీరు" అన్న పిల్లవాడు మరుసటి పేరాలో "నువ్వు" అనవచ్చు. బాబాయి, పెదనాన్న, మామయ్య, ముగ్గురూ ఇంగ్లీషులో అంకుల్. తిరిగి వచ్చేసరికి బాబాయి కాస్తా మామయ్య అయిపోతాడు!

పేర్ల సంగతి మరీ తమాషా. మనం పులికాట్ అంటున్న సరస్సుకు తెలుగులో ప్రళయ కావేరి అనే పేరుంది. తమిళనాడు వైపు ఉన్న ఊరి పేరు పళవేర్కాడు. ఆ ఊరినే ఇంగ్లీషువాళ్లు పులికాట్ అన్నారు. ఇవన్నీ తెలిసిన మనిషి పొరబడడు. యంత్రం ప్రళయాన్ని నిజంగా ప్రళయం అనుకుని అనువదించవచ్చు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతు ఇంగ్లీషు పేరులో "బిల్" అనే మాట ఉంది. అక్కడ బిల్ అంటే ముక్కు. కొట్టువాడు ఇచ్చే బిల్లు కాదు!

ఇక్కడ జీవశాస్త్రం మనకు సాయం చేస్తుంది. ప్రతి ప్రాణికీ ఒక శాస్త్రీయ నామం ఉంది. గూడబాతుకు అది పెలెకానస్ ఫిలిప్పెన్సిస్. ఏ భాషలో చదివినా ఈ పేరు మారదు. అందుచేత పక్షుల గురించీ చెట్ల గురించీ చదివేటప్పుడు శాస్త్రీయ నామం సరిపోయిందో లేదో చూసుకోండి.

వేలి కొనల మీది మీటలు

యంత్రం తప్పు చేస్తుందని తెలిసింది. మరి ప్రతిదీ సరిచూడాలంటే చాలా సేపు పట్టదా? పట్టదు. బ్రౌజర్‌లో కొన్ని మీటల జంటలు ఉన్నాయి. అవి చేతికి అలవాటైతే సరిచూడడం క్షణాల్లో పని.

వీటిలో ముఖ్యమైనది కంట్రోల్ మీట. ఇది ఇంటి కంప్యూటర్ల కంటే పాతది. వెనకటి టెలిప్రింటర్లలో కంట్రోల్ పట్టుకుని జి నొక్కితే అక్షరం పడేది కాదు, అవతలి యంత్రంలో గంట మోగేది! అంటే కంట్రోల్ మీట "ఇది అక్షరం కాదు, ఆజ్ఞ" అని చెబుతుందన్నమాట. నేటికీ దాని పని అదే. కింద చెప్పిన జంటలు విండోస్, లినక్స్ కంప్యూటర్లలో పనిచేస్తాయి. ఆపిల్ కంప్యూటర్లలో చాలావాటికి కంట్రోల్ బదులు కమాండ్ మీట వాడాలి.

కంట్రోల్, ఎఫ్: పేజీలో ఒక మాటను వెతుకుతుంది. పొడుగాటి ఇంగ్లీషు పేజీలో 1979 అని కొట్టండి. ఆ సంవత్సరం ఉన్న వాక్యాలన్నీ వెలుగుతాయి. ఫోనులో అయితే బ్రౌజర్ మెనూలో పేజీలో వెతికే సదుపాయం ఉంటుంది.

కంట్రోల్, టి: కొత్త ట్యాబు తెరుస్తుంది. ఒక ట్యాబులో అసలు పేజీ, ఇంకో ట్యాబులో అనువాదం పెట్టుకోండి. కంట్రోల్, ట్యాబ్ మీటలతో ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు.

కంట్రోల్, షిఫ్ట్, టి: పొరబాటున మూసేసిన ట్యాబును తిరిగి తెరుస్తుంది. దీనితో ఒక జాగ్రత్త కూడా ఉంది. నెట్ సెంటర్‌లో మీరు మూసిన పేజీలను మీ తరువాత కూర్చున్నవారు ఇలాగే తెరవవచ్చు! అందుకని నలుగురూ వాడే కంప్యూటర్‌లో పని అయ్యాక మీ ఖాతాల నుంచి బయటికి వచ్చి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి లేవండి.

కంట్రోల్, సి, ఆ తరువాత కంట్రోల్, వి: ఎంచుకున్న మాటలను నకలు తీసి వేరేచోట అతికిస్తాయి. నకలు తీసి అతికించే ఈ పద్ధతిని 1970లలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో లారీ టెస్లర్, ఆయన సహచరులు రూపొందించారు. అనుమానం వచ్చిన వాక్యాన్ని మొత్తంగా నకలు తీయండి, ఒక్క మాటను కాదు. కారణం మీకు ఇప్పటికే తెలుసు.

కంట్రోల్, ప్లస్: అక్షరాలు పెద్దవవుతాయి. తెలుగు ఒత్తులు చిన్న అక్షరాల్లో సరిగా కనబడవు కాబట్టి మనకు ఇది చాలా అవసరం. కంట్రోల్, సున్నా నొక్కితే మామూలు సైజు వస్తుంది.

ఆల్ట్, ఎడమ బాణం: వెనకటి పేజీకి తీసుకుపోతుంది.

తెలుగులో వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మన పేట పేరునే చూడండి. కొందరు సూళ్లూరుపేట అని రాస్తారు, కొందరు సూళ్ళూరుపేట అని రాస్తారు. మనకు రెండూ ఒకటే. కంప్యూటర్‌కు లోపల ల ఒత్తు వేరు, ళ ఒత్తు వేరు. ఒకటి వెతికితే రెండోది దొరకకపోవచ్చు. అప్పుడేం చేయాలి? రెండింటిలోనూ మారని భాగాన్ని వెతకాలి. "రుపేట" అని కొట్టండి, రెండూ దొరుకుతాయి. అలాగే "ఇల్లు" అని వెతికితే "ఇంటికి" దొరకదు. మాట రూపం మారుతుందని గుర్తుంచుకుని రెండు మూడు రూపాలు వెతకండి.

చేసి చూడండి

ఒకటి: "మేము రేపు రాకెట్ చూడటానికి వెళ్తున్నాం, నువ్వు రావద్దు" అనే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చండి. వచ్చినదాన్ని తిరిగి తెలుగులోకి మార్చండి. "మేము" నిలిచిందా? "నువ్వు" నిలిచిందా, "మీరు" అయిందా? "వద్దు" అలాగే ఉందా? ఇలా పంపించి వెనక్కి రప్పించి చూస్తే చాలా తప్పులు బయటపడతాయి. అయితే తిరిగి వచ్చిన వాక్యం సరిగా ఉన్నంత మాత్రాన మధ్యది కూడా సరైనదని గట్టిగా చెప్పలేం.

రెండు: "మందు" అనే మాటను ఒంటరిగా అనువదించండి. తరువాత "నాన్న పొలంలో మందు చల్లాడు" అని, ఆ తరువాత "అమ్మ పాపకు మందు తాగించింది" అని అనువదించండి. పొరుగు మాటలు మారితే అనువాదం మారిందా?

మూడు: తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఒక ఇంగ్లీషు వికీపీడియా వ్యాసం తెరిచి, దాని భాషల పట్టికలో తెలుగును ఎంచుకోండి. ఆ విషయాన్ని మనుషులు తెలుగులో ఏ పేరుతో పిలుస్తున్నారో తెలుస్తుంది. దాన్ని యంత్రం ఇచ్చిన పేరుతో పోల్చండి.

నాలుగు: అనువాదంలో అంకెలు, తేదీలు, కొలతలు, "కాదు", "లేదు" అనే మాటలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. వాటిని మాత్రం కంట్రోల్, ఎఫ్ సాయంతో అసలు పేజీలో సరిచూడండి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు అని మరవకండి.

సగం పని మనది

మన దేశంలో యంత్రానువాదంపై పనిచేసినవారిలో కొందరు ఈ సంగతిని ముందే గ్రహించారు. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై, ఆ తరువాత హైదరాబాదులో కొనసాగిన "అనుసారక" అనే పథకం ఉంది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ దీనికి ముఖ్యులు. తెలుగు, కన్నడం వంటి భాషల నుంచి హిందీకి చేర్చే యంత్రాలను వారు తయారుచేశారు. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. యంత్రం అన్నీ తెలిసినట్టు నున్నని వాక్యం ఇవ్వనక్కరలేదు. అసలు వాక్యంలో ఏముందో అది పోకుండా పాఠకునికి అందిస్తే చాలు. వాక్యం కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు. మిగిలిన సగాన్ని పాఠకుడు తన బుద్ధితో పూర్తి చేసుకుంటాడు. నిఘంటువులూ సూత్రాలూ జ్ఞాపకం పెట్టుకునే బరువు యంత్రానిది, అర్థం తేల్చుకునే బరువు మనిషిది.

నేటి యంత్రాలు ఆ దారిలో నడవడం లేదు. మొత్తం తామే చేసి చూపిస్తున్నాయి. అయినా పాఠకుని వంతు పని మాత్రం తగ్గలేదు.

మన గోడపత్రిక అమ్మాయి దగ్గరికి తిరిగి వెళ్దాం. వ్యాసం అతికించే ముందు ఆమె అసలు పేజీని ఇంకో ట్యాబులో తెరిచింది. కంట్రోల్, ఎఫ్ నొక్కి 1979 అని కొట్టింది. 10/08/1979 కనబడింది. పది ముందా, ఎనిమిది ముందా? అదే పేజీలో రెండో ప్రయోగం తేదీ 18/07/1980 అని ఉంది. పద్దెనిమిదో నెల ఎక్కడా లేదు కదా! కాబట్టి ఈ పేజీలో ముందు వచ్చేది రోజే. అంటే మొదటి ప్రయత్నం ఆగస్టు 10న. నోటు పుస్తకంలో "అక్టోబరు 8" కొట్టేసి, సరైన తేదీ రాసుకుంది.

ఆ పనికి ఆమెకు ఒక నిమిషం కూడా పట్టలేదు. యంత్రం దారి చూపింది, మీటలు తొందరగా తీసుకుపోయాయి. పద్దెనిమిదో నెల ఉండదని ఆలోచించింది మాత్రం ఆ అమ్మాయే. మీరూ అలాగే చేయండి.